మా మేనత్త వ్రాసిన పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము పుట్టుపూర్వోత్తరములు చెప్పుటకు నాకంటె పెద్దలు ఈ సభలో పలువురున్నారు. పుస్తకముల సంఖ్య, చందాల లెక్క, గదులు కట్టించిన దాతల వివరములు కార్యదర్శిగారి నివేదికలో వచ్చినవి. నన్ను మాత్రము, మీరందరు ‘పుస్తకాల అత్తయ్య’ అని పిలిచిన పెద్దావిడను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరినారు. ఆమె నాకు స్వయముగా మేనత్త. మా తండ్రిగారికి అక్క. 2019వ సంవత్సరము మాఘమాసమున, ఎనుబదియవ యేట, ఆమె కాలధర్మము నొందెను. ఈ ఉత్సవమునాటికి ఆమె ఉండియుండిన ముందువరుసలో కూర్చుండి, ఉపన్యాసము దీర్ఘమైనకొలది కండ్లజోడు తీసి కొంగుతో తుడుచుకొనుచుండెడిది. అది ‘ఇక చాలించవయ్యా’ అనుటకు ఆమె గుర్తు. ఆ గుర్తు లేకపోయినను మితముగానే మాటలాడుదును.

చనిపోయిన బంధువును గూర్చి సభలో మాటలాడుట కష్టము. దుఃఖము ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము మరియొకటి కలదు. ఇట్టి సందర్భములకు మనకు సిద్ధముగా కొన్ని మాటలున్నవి: ‘దయామయి, త్యాగమూర్తి, అజాతశత్రువు, ఆమె లేని లోటు తీరనిది’ అని. ఈ మాటలు అబద్ధములు కావు. కాని ఎవరికైనను సరిపోవును. అందరికి సరిపోవు చొక్కా ఎవరికొలతకు కుట్టినదో తెలియనట్లే, ఆ మాటలవలన పోయినవారెవరో తెలియదు. ఈ సంగతి నాకు చదువుకొన్న కళాశాలలో ఎవరును చెప్పలేదు. నలువదియేండ్లవరకు అక్షరము ముక్క రాని మా మేనత్త చెప్పినది. ఆమెను గూర్చి ఆమె చెప్పిన పద్ధతిలోనే చెప్పుటకు యత్నింతును.

ఆమెకు 1955లో, పదునారవయేట, దివిసీమలో కోడూరు దరి నొక గ్రామమునకు చెందిన రైతుతో వివాహమయ్యెను. మూడెకరముల మాగాణి, జత ఎడ్లు, పెంకుటిల్లు, అత్తగారు. మామగారు అప్పటికే లేరు. ఇద్దరు కుమారులు కలిగిరి. 1977 నాటికి పెద్దవానికి పందొమ్మిది, చిన్నవానికి పండ్రెండేండ్లు. ఆ యేడు కార్తికములో మా నాయనమ్మకు జ్వరము తగిలినదని కబురు పోగా, మా మేనత్త తల్లిని చూచిపోవుటకు గురువారమునాడు ఒంటరిగా మా ఇంటికి వచ్చెను. పంట కోతకు వచ్చియున్నది. కావున ఇంటివారెవరును వెంట రాలేదు. ఆదివారము తిరిగి పోవలెనని ఆమె తలంపు.

శనివారము, 1977 నవంబరు 19వ తేదీన, ఉప్పెన వచ్చినది. ఆ దినమును గూర్చి ఈ సభలోని పెద్దలకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. పిన్నలకొరకు మాత్రము ఒక్క మాట. తుపాను గాలికి లేచిన సముద్రము మైళ్లకొలది దూరము నేలపైకి వచ్చి, దివిసీమ గ్రామములను పడగొట్టి వెనుకకు పోయెను. తాటిచెట్టెత్తు అల వచ్చినదని బ్రతికినవారు చెప్పిరి. వారిలో పలువురు చెట్లను కరచుకొనియే బ్రతికిరి. సుమారు పదివేలమంది చనిపోయిరని ప్రభుత్వపు లెక్క; అంతకు ఎక్కువయే యుండునని జనుల మాట. శవములను గుర్తించుటకుగాని, ఎవరి ఆచారము ప్రకారము వారికి సంస్కారము చేయుటకుగాని వీలులేక, అనేకచోట్ల సామూహికముగా దహనము చేయవలసివచ్చెను.

మా తండ్రిగారు పులిగడ్డ అక్విడక్టు దాటి, అవనిగడ్డమీదుగా కోడూరువైపు నడచిపోయి, అయిదవనాటికి తిరిగివచ్చిరి. భర్త, అత్తగారు, ఇద్దరు కుమారులు, నలుగురును పోయిరి. చిన్నవాని శరీరము దొరకనే లేదు. ఇల్లున్నచోట బురదలో కూరుకొనిపోయిన ఇత్తడి బిందె యొకటి ఆయనకు కానవచ్చెను. దానిని కడిగి, భుజముపై పెట్టుకొని తెచ్చి, అక్కగారి యెదుట దించెను. అది పెండ్లినాటి బిందె. దాని మెడచుట్టును ఆమె భర్త ఇంటిపేరు, పేరు, సంవత్సరము చెక్కబడియున్నవి. పాత్రలపై పేరు కొట్టించుట మనకందరకు తెలిసిన వాడుకయే.

నేనప్పుడు పదియవ తరగతి చదువుచుంటిని. కొన్నివారములు గడచినపిమ్మట ఒకనాటి మధ్యాహ్నము ఆమె ఆ బిందెను ఒడిలో పెట్టుకొని, అక్షరములపై వ్రేలు రాయుచు నన్ను పిలిచి, “అబ్బాయీ, ఇందులో ఆయన పేరు ఎక్కడ మొదలవుద్ది? ఎక్కడ అయిపోద్ది?” అని యడిగెను. నేను చూపించితిని. ఇరువదియేండ్లకు పైగా ప్రతిదినము ఆ బిందెతో నీరు తెచ్చిన మనిషి, ఆ పేరు ఎచ్చట ఆరంభమగునో నాడే తెలిసికొనెను. ఆమె అంతవరకు ఆ పేరును నోటితో పలికియు ఎరుగదు. ఆ దినములలో మన స్త్రీలు భర్త పేరు పలికెడివారు కారుగదా! ఇంట ఉన్న ఛాయాచిత్రము పెండ్లినాటిది ఒక్కటే. అది ఇంటితోడనే పోయినది. పిల్లలకు ఛాయాచిత్రములే లేవు. తనవారలు నలుగురు ఈ లోకమున ఉండిరనుటకు ఆమెకు మిగిలిన ఋజువు, తాను చదువలేని ఆ ఒక్క పేరు మాత్రమే.

ఆ తరువాత పరిహారము నిమిత్తమై ఒక కార్యాలయమునకు ఆమెను మా తండ్రిగారు తీసికొనిపోయిరి. వెంట నేనును పోయితిని. ‘కుటుంబములో మృతులు: నలుగురు’ అని వ్రాసి, క్రింద ఆమె బొటనవ్రేలి ముద్ర వేయించుకొనిరి. జాబితాలో చిన్నవాని పేరు తప్పుగా పడియుండుట నాకు కనబడెను. సరిచేయుడని మా తండ్రిగారు కోరగా, అచ్చటి గుమాస్తా, పోయినవాని పేరు ఏదైననేమి, సంఖ్య సరిపోయినదిగదా యనెను. ఆయన దుర్మార్గుడై అన్నమాట కాదు. ఆ దినములలో వారి బల్లపై వేలకొలది పేర్లుండెను. కాని మా మేనత్త ఇంటికి వచ్చువరకు మరి మాటలాడలేదు. ఇంటికి వచ్చి, సబ్బుతో వ్రేలి సిరా కడుగుకొనుచు, “నాకు అక్షరం వస్తే ఆ కాగితం మీద వాడి పేరు నేనే దిద్దేదాన్ని” అని మాత్రము అనెను.

1978 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరము మన ఊరి రామమందిరపు వసారాలో రాత్రిబడి వెలసెను. 1971 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి పదునారుగురికి మించలేదు. అట్టి కాలమున నలువదియేండ్ల విధవరాలు పలక పట్టుకొని రాత్రిపూట బడికి పోవుట మన వీధిలో కొందరికి వింతగాను, కొందరికి తప్పుగాను తోచెను. మా నాయనమ్మయే, “ఈ వయసులో ఏం ఉద్యోగం చెయ్యాలనే?” అని మందలించెను. మా మేనత్త బదులు చెప్పక లాంతరు వత్తి సవరించుకొని పోయెను.

బడిలో అమ్మాయి ‘అ ఆ’లు దిద్దింపబోగా, ఆమె తనకు ముందు కొన్ని అక్షరములే కావలెనని పట్టుబట్టినది. ఆమె వరుస ఆమెది. భర్త పేరులోని అక్షరములు మొదట, పిదప పెద్దవాని పేరులో కొత్తగా వచ్చు అక్షరములు, పిదప చిన్నవానివి, పిదప అత్తగారివి. చిన్నవాని పేరులో ఒక ఒత్తు కలదు; ఆ ఒత్తుకొరకే పదిదినములు పట్టినదట. నాలుగు పేర్లును పూర్తియగునప్పటికి వర్ణమాలలో సగము ఆమె చేతికి వచ్చెను. మిగిలిన సగము తరువాత సులభమయ్యెను. “నోటితో అనకూడని పేరు చేత్తో రాస్తే తప్పులేదు కదా?” అని నన్నొకసారి అడిగెను. తప్పులేదంటిని. ఆమె నవ్వినది. ఉప్పెన తరువాత ఆమె నవ్వుట నేను చూచినది అదే మొదలు.

అప్పుడు ఆమె నాచేత నూరు పుటల రూళ్ల నోటు పుస్తకము నొకటి తెప్పించెను. నేను ఈనాడు ముఖ్యముగా చెప్పదలచినది ఆ పుస్తకమును గూర్చియే.

మొదటి పుటలో నాలుగు పేర్లు వ్రాసెను. తరువాత ఒక్కొక్కరికి కొన్నేసి పుటలు విడిచి, జ్ఞాపకము వచ్చినది వచ్చినట్లు వ్రాయ నారంభించెను. ఏటికి పది పదునైదు పంక్తులకు మించలేదు. అక్షరదోషములు మెండు. ఆమె వ్రాత మీకు తెలియుటకు కొన్ని వాక్యములు వినిపింతును. దోషములు మాత్రము నేను దిద్దితిని.

పెద్దకుమారుని గూర్చి: “పెరుగన్నంలో బెల్లం లేకపోతే తినేవాడు కాదు. ఎద్దుల్ని కొట్టేవాడు కాదు, వాటితో మాట్లాడేవాడు. అప్పు ఇచ్చి అడగలేకపోయేవాడు.”

చిన్నవాని గూర్చి: “ఈల వెయ్యటం నేర్చుకుంటున్నాడు. గాలి వస్తుంది కాని ఈల రాదు. నేను ఊరికి బయల్దేరిన పొద్దున కూడా వస్తా వస్తా కాలవ దాకా ఊదుకుంటా వచ్చాడు.”

భర్తను గూర్చి: “కోపం వస్తే మాట్లాడరు. చుట్ట ముట్టించుకుని గట్టు మీద కూర్చుంటారు. చుట్ట అయిపోతే కోపం అయిపోయినట్టు.”

అత్తగారిని గూర్చి: “కూరలో ఉప్పు ఎక్కువైందని అందరి ముందు తిట్టింది. ఆ రోజు నిజంగానే ఎక్కువైంది. నా పురుళ్లకి రెండుసార్లూ తనే నిద్ర లేకుండా ఉంది.”

నేను అప్పటికి కళాశాలలో చేరి, నాలుగు కావ్యములు చదివితినన్న ధీమాతో ఉంటిని. ఆ వ్రాతను చూచి, “అత్తయ్యా, పెద్దబావ చాలా మంచివాడని, సద్గుణవంతుడని వ్రాయరాదా?” అంటిని. అందులకామె చెప్పిన సమాధానమును నేను ఇంతవరకు మరువలేదు.

“మంచివాడు అని రాస్తే వాడెవడో ఎవరికి తెలుస్తుంది అబ్బాయీ? మంచోళ్లు ఊరినిండా ఉన్నారు. పెరుగన్నంలో బెల్లం తినేవాడు మావాడొక్కడే.”

సోదరులారా! స్మృతికి ఇంతకంటె చక్కని లక్షణమును ఏ పండితుడును చెప్పగా నేను వినలేదు. పొగడ్త మనిషిని పెద్దవానిని చేయును. కాని అందరిలో కలిపివేయును. ఆ మనిషికి మాత్రమే చెందిన చిన్న వివరము ఆయనను మరల మన గుమ్మములో నిలుపును.

మన పెద్దలు ఈ రహస్యము ఎరుగనివారు కారు. శ్రాద్ధకర్మయందు తండ్రిని, తాతను, ముత్తాతను వసు రుద్రాదిత్య రూపులుగా పేరు గోత్రములతో తలచుకొందుము. కోస్తా జిల్లాలలో పెక్కు ఇండ్ల సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుట కలదు. తెలంగాణమున పెత్రమాసనాడు పెద్దలపేర బియ్యమిచ్చుదురు. ఇవి మంచి ఆచారములు, కృతజ్ఞతను నేర్పునవి. కాని మూడుతరములు దాటినచో పేరు సైతము మిగులుట లేదు. ఈ సభలో మీ ముత్తాత తండ్రి పేరు చెప్పగలవారు చేతులెత్తుడని నేనడిగినచో ఎన్ని చేతులు లేచునో మీరే ఊహింపుడు. పల్నాటి యుద్ధము పండ్రెండవ శతాబ్దమునాటిది. ఐనను కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసమున వీరుల ఉత్సవము జరుగుచున్నది. ఆ వీరుల పేర్లు ఇన్ని వందలయేండ్లు నిలుచుటకు కారణమేమి? ఎవరెవరేమి పలికిరో, ఏమి చేసిరో వివరముగా పాడు గాయకులు ఉండుటయే. వీరులకు గాయకులుండిరి. పెరుగన్నములో బెల్లము కలుపుకొన్న పందొమ్మిదేండ్ల రైతుబిడ్డకు ఎవరున్నారు? తల్లి ఉండెను. ఆమె అక్షరములు నేర్చుకొనవలసివచ్చెను.

ఇక మన గ్రంథాలయముతో ఆమె సంబంధము. 2000వ సంవత్సరమున పంచాయతీవారిచ్చిన ఒక్క గదిలో ఇది ఆరంభమైనప్పుడు పుస్తకములు నేలపై చాపమీద ఉండెడివి. మా మేనత్త తన మెడలోని రెండుపేటల గొలుసు అమ్మి, టేకు బీరువా నొకటి చేయించి ఇచ్చెను. దాతల పేర్లు బీరువాపై వ్రాయించుట మర్యాదగదా. కార్యవర్గమువారు ఆమె పేరు వ్రాయింతుమనిరి. ఆమె ఒప్పుకొనక, ఆ నాలుగు పేర్లు వ్రాయింపుడనెను. రంగులు వేయువాడు అలవాటు చొప్పున ప్రతి పేరుకు ముందును ‘కీ.శే.’ అని చేర్చెను. ఆమె చదివి, అదేమని నన్నడిగెను. కీర్తిశేషులు, అనగా కీర్తి మాత్రమే మిగిలినవారు అని చెప్పితిని. “చిన్నోడికి పన్నెండేళ్లు. వాడికి కీర్తి ఎక్కడిది? వాడిది మిగిలితే ఆ ఊదుడే మిగిలింది,” అని ఆ రెండక్షరములను చెరిపించెను. ఆ బీరువా ఇప్పటికిని తూర్పుగోడ నానుకొని యున్నది. ‘కీ.శే.’ చెరిపిన గుర్తులు, శ్రద్ధగా చూచినచో, పేర్లకు ఎడమప్రక్క కానవచ్చును.

ఆ మొదలు పదునెనిమిదేండ్లు ఆమె ఈ గ్రంథాలయమునకు రాని దినము అరుదు. మధ్యాహ్నము భోజనములైనపిమ్మట, పొలము పనులు లేని దినములలో, ముసలివారు, నడివయసు స్త్రీలు వచ్చి వసారాలో కూర్చుండెడివారు. ఆమె కాశీమజిలీ కథలో, పాత చందమామ సంపుటమో చేతబట్టి, అక్షరమక్షరము కూడబలుకుకొనుచు పైకి చదివెడిది. వేగముగా చదువలేకపోవుటయే వినువారికి మేలయ్యెను. మధ్యలో ప్రశ్నలడుగుటకు వ్యవధి దొరికెడిది. ఆ వసారాలో విని, తామును చదువవలెనని కోరిక పుట్టి, యాబదియేండ్లు దాటినపిమ్మట అక్షరములు పట్టిన స్త్రీలు ఏడుగురు. వారిలో నలుగురు ఈ సభలో ఉన్నారు. వారి పేర్లు చెప్పిన సిగ్గుపడుదురు. కాని మీకు తెలియును.

పుస్తకము గడువు దాటిననాడు ఆమె ఆ ఇంటికి స్వయముగా పోయెడిది. అపరాధ రుసుము మాట ఎత్తదు. “ఎంతవరకు వచ్చావు?” అని మాత్రమే అడుగును. చదువక అలమారులో పడవేసిన వానికి ఈ ప్రశ్న రుసుముకంటె కష్టముగా నుండెడిది.

నేను ఆమె పద్ధతిలో చెప్పుదునంటిని. కావున లోపములును చెప్పవలెను. ఆమె మొండిది. వైద్యుడు చక్కెర మానుమని చెప్పిన తరువాతను కాఫీలో రెండు చెంచాలు వేసికొని, మూడవదానిని మానితిననెడిది. ఒకసారి కోపించిన ఇంటి గుమ్మము తొక్కుటకు ఆరునెలలు పట్టెడిది. అన్నిటికంటె పెద్ద దోషము, పుస్తకము మన చేతికిచ్చుచు కథ చివర ఏమగునో చెప్పివేయుట. “చదవకముందే చెప్పితివేమి అత్తయ్యా?” అని ఎవరైన విసుగుకొన్నచో, “ఏమవుద్దో తెలిస్తే భయం లేకుండా చదువుతావు” అనెడిది. ఏమగునో తెలియక కాలువవద్ద కుమారుని వీడ్కొని వచ్చిన తల్లి ఆ మాట అనుచున్నదని తలచినపిమ్మట, దానిని దోషమనుటకు నాకు నోరు రాదు.

ఆమె పోయిన పెద్దకర్మనాడు బంధువులు, ఇరుగుపొరుగువారు కూడియుండగా, ఆ నోటు పుస్తకమును తెచ్చి మధ్యనుంచితిమి. చివర పదునాలుగు పుటలు ఖాళీగా నుండెను. ఆమె పేరు వ్రాసి, ఎవరికి జ్ఞాపకమున్నది వారు ఒక్కొక్క వాక్యము వ్రాయుడని కోరితిని. మొదట అందరును సంకోచించిరి. పాలుపోయు అతడు ముందుకు వచ్చి, “పాలు కొలిచేటప్పుడు కళ్లు పక్కకి తిప్పుకునేది, నన్ను నమ్మినట్టు” అని చెప్పి నాచేత వ్రాయించెను. ఒక పదేండ్ల బాలిక, “నాకు ల రాసేటప్పుడు తోక ఎటు తిప్పాలో చెప్పింది” అని తానే వ్రాసెను. ఆ సాయంకాలమునకు పదునాలుగు పుటలును నిండినవి. ఏడ్చుచు వచ్చినవారు కొందరు నవ్వుచు పోయిరి. ఆ పుస్తకమును మా ఇంట దాచుకొనుటకు మాకు హక్కు కలదు. కాని దానిని గ్రంథాలయమునకే ఇచ్చితిమి. ఆ నలుగురి పేర్లును, ఆమె పేరును నేనిచ్చట ఉద్దేశపూర్వకముగనే చెప్పలేదు. వినదలచినవారు బీరువా తెరచి చదువుడు. అవి చదువబడవలెననియే గదా ఆమె అక్షరములు నేర్చినది!

ఇప్పుడు కార్యవర్గమువారికిని, మీకును ఒక మనవి. మన ఊరివారి స్మృతులకొరకు గ్రంథాలయములో ఒక పెద్ద పుస్తకము పెట్టుదము. కాలము చేసిన ప్రతివ్యక్తికిని అందులో రెండు పుటలు. పేరు, ఇంటిపేరు, పుట్టిన, పోయిన సంవత్సరములు, చేసిన పని. పిమ్మట ఆ మనిషిని ఎరిగినవారు చెప్పిన నాలుగైదు విషయములు: తరచుగా అనుమాట యొకటి, చేతనైన పని యొకటి, ఇష్టమైన తిండి, చిన్న లోపము. వ్రాయనేరనివారు చెప్పిన, చదువుకొన్న పిల్లలు వారి మాటలలోనే వ్రాయవలెను. సంవత్సరము తిరుగకముందే వ్రాయవలెను. ఏలయన జ్ఞాపకములో మొదట రాలిపోవునవి ఈ చిన్న వివరములే. సర్పంచికెన్ని పుటలో పాలేరుకును అన్నియే పుటలుండవలెను. ‘మంచివాడు’ అను మాట మాత్రము నిషిద్ధము.

ఇంటి సంగతులు పదుగురి ముందు పెట్టుట ఏమి మర్యాద యని కొందరనవచ్చును. గుట్టు చెప్పుమని నేనుట లేదు, గుర్తు చెప్పుమనుచున్నాను. చెప్పుట ఇష్టములేనిదానిని ఎవరును చెప్పనక్కరలేదు. సామాన్యులకు చరిత్రయేమి యని మరికొందరనవచ్చును. ఉప్పెనలో పోయినవారికి దివిసీమలో స్మారకస్తూపము వెలసినది, అది ఉచితమే. కాని స్తూపము సంఖ్యను జ్ఞాపకముంచును. ఈల రాని పిల్లవానిని జ్ఞాపకముంచలేదు. దానికి పుస్తకము కావలెను.

ఇది పాతకాలపు సంగతి యనుకొనవలదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహమ్మారి మన ఇండ్లనుండి ఎందరినో తీసికొనిపోయెను. కడసారి ముఖమైనను చూడలేక, ఆసుపత్రినుండియే శ్మశానమునకు సాగనంపిన కుటుంబములు ఈ సభలోనే ఉన్నవి. వారి దుఃఖము మా మేనత్త దుఃఖమువంటిదే. నేడు చేతిఫోనులలో ఒక్కొక్కరి ఛాయాచిత్రములు వందలకొలది ఉన్నవి. ఆమెకు ఒక్కటియు మిగులలేదు. కాని ఇరువదియేండ్ల తరువాత మన మనుమడు ఆ చిత్రమును చూచి, “ఈయన ఎవరు? ఎట్లా మాట్లాడేవాడు? దేనికి నవ్వేవాడు?” అని అడిగిన, చిత్రము సమాధానము చెప్పదు. చెప్పగలవారు మనమే; మనమును ఎల్లకాలము ఉండబోము.

కార్యదర్శిగారి అనుమతితో ఆ పుస్తకమును కట్టించి తెచ్చితిని. నాలుగువందల పుటలు, మొదటి పుట తప్ప అన్నియు ఖాళీ. మొదటి పుటలో అయిదు పేర్లున్నవి. మిగిలిన పుటలు మీవి. రేపు సాయంకాలము అయిదుగంటలనుండి అది తూర్పుగోడ బీరువా పై అరలో, కలముతో సహా, సిద్ధముగా నుండును. ముందుగా వచ్చు వారికి వ్రాయుటలో సహాయము చేయుటకు నేనును అచ్చటనే యుందును.